నాలుగో వరుస మీద నూనె

నూనె పట్టిన రాయంటే జయసాగర్‌కు రోత. ఆ రోత ఈనాటిది కాదు. పురావస్తు శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసిన ఉద్యోగం శాసనాలకు అచ్చు తీయడం. తడిపిన కాగితాన్ని రాతి మీద పరవాలి. కుచ్చు బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దించాలి. పైన సిరా అద్ది, ఆరాక మెల్లగా ఒలవాలి. చదివేవాళ్లు వేరు, వ్యాసాలు రాసి పేరు వేసుకునేవాళ్లు వేరు. ఈయన అచ్చు తీసే మనిషి, అంతే.

పల్నాటి పల్లెల్లో శాసనం ఉందని జీపులో పడి పోతే, తీరా అక్కడ రాయి నల్లగా జిడ్డోడుతూ కనిపించేది. ఎవరో నూనె పోస్తారు. దాని మీద పసుపు, ఆ పసుపు మీద దుమ్ము, మళ్లీ నూనె. గోటితో గీరితే గోరు నిండా నల్లటి మెత్తటి మురికి, అందులో చచ్చిన చీమలు. కుంకుడు రసంతో, చాకలి సోడాతో రెండు రోజులు తోమితే గాని పని మొదలయ్యేది కాదు. నూనె తాగిన రాయి నీళ్లు తీసుకోదు. నీళ్లు తీసుకోని రాతికి తడి కాగితం అంటుకోదు.

"ఈ నూనేదో మీ కూరలో పోసుకోరాదా?" అని ఊరి పెద్దలతో తగువు పెట్టుకున్న రోజులున్నాయి.

"మీరు కిరస్తానీలు గదా, మా రాయంటే మీకు లెక్కుండదులే," అని వాళ్లు ముఖం మీదే అనేవారు. లెక్కలేనిది రాయంటే కాదనీ, నూనె అంటేననీ ఎన్నిసార్లు చెప్పినా నమ్మినవాడు లేడు.

ఆయనది తెనాలి. తాతల నాటి నుంచి లూథరన్ సంఘం. కీర్తన పాడడం, వాక్యం వినడం, ఇంటికి పోవడం తప్ప మరో ఆర్భాటం ఎరగని కుటుంబం. రిటైరయ్యాక, భార్య పోయిన మూడో ఏట, కూతురు జెరుషాను చూసి పోదామని జర్మనీలోని ఆకెన్ వచ్చాడు. అది రెండు వేల ఇరవై ఫిబ్రవరి. మూడు నెలల వీసా. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ల అపాయింట్‌మెంట్, ఆ టెర్మిన్‌కు మళ్లీ టెర్మిన్, ఇట్లా ఏడాది ఇక్కడే గడిచింది. జెరుషా ఇక్కడే చదివి ఇక్కడే ఇంజనీరుగా చేరిన పిల్ల. పగలంతా గదిలో కూర్చుని లాప్‌టాప్‌తో జర్మన్ మాట్లాడేది. ఈయన మాస్కు తగిలించుకుని నడకకు పోయేవాడు. ఎప్పుడైనా ఖాళీ బస్సెక్కి ఊరి చివరి స్టాపు దాకా పోయి, మళ్లీ అదే బస్సులో తిరిగొచ్చేవాడు.

అట్లా ఒకనాడు నలభై నిమిషాల దూరంలో ఉన్న పల్లెలో దిగాడు. చిన్న రాతి చర్చి. ఆరాధనలు లేవు గాని, ఎవరైనా వచ్చి మౌనంగా కూర్చోవచ్చని తలుపు తీసి ఉంచారు. లోపల, గంట గోపురం కింది గోడలో మూరెడు పొడుగు ఇసుకరాయి. దాని మీద నాలుగు వరుసలు. లాటిన్ ఆయనకు రాదు. అయినా ఉలి ఎటు నుంచి ఎటు నడిచిందో, ఎక్కడ చెయ్యి వణికిందో, ఎక్కడ చోటు చాలక అక్షరాలు ఇరుకు చేశాడో వేలికి తెలుస్తూనే ఉంది. చెక్కినవాడు గొప్ప పనివాడేం కాదనుకున్నాడు.

"హలో!" అని వెనక నుంచి గద్దింపు. తెల్లజుట్టు ఆవిడ. చర్చి తాళాలు, దీపాలు, పువ్వులు చూసుకునే మనిషి. తర్వాత తెలిసింది, పేరు నీసెన్ అని, గౌరవంగా ఫ్రౌ నీసెన్ అంటారని. రాయి మీద నుంచి చెయ్యి తియ్యమని సైగ చేసింది. ఆయన చెయ్యి తీసి ఫోను బయటికి తీశాడు. కట్టెల మంచె మీద నిలబడి, ఎత్తైన స్తంభానికి కాగితం పరిచి బ్రష్షుతో కొడుతున్న తన పాత ఫొటో చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఫొటోను చూసింది, ఆయన్ను చూసింది, మళ్లీ ఫొటోను చూసింది. కూర్చోమని బల్ల చూపించింది.

ఆ తర్వాత జెరుషా ఫోనులో మధ్యవర్తిగా ఉండి విషయం తేల్చింది. అది పదమూడు వందల ఏళ్ల నాటి సమాధి రాయి. చర్చి నేల తవ్వినప్పుడు బయటపడితే గోడలో పెట్టారు. మొదటి మూడు వరుసలూ చదివారు. ఇక్కడ శాంతిలో విశ్రమిస్తోంది రద్‌లిండా అనే పిల్ల, నాలుగేళ్లు బతికింది. నాలుగో వరుస బాగా అరిగింది. దాని నడుమ చిన్న సిలువ, అటూ ఇటూ ఆనవాళ్లు మాత్రమే. ఆ రాయి నిలిపింది ఎవరో, తల్లో తండ్రో, ఆ పేరు అందులో ఉండాలి. ఫొటోలకు దొరకలేదు. యూనివర్సిటీ వాళ్లు వచ్చి చూస్తామన్నారు, ఇంతలో కరోనా వచ్చింది. ఈయన కాగితం అచ్చు తీస్తే వాళ్లకు పంపుతానని ఆవిడ అడిగింది. సిరా మాత్రం వద్దంది. ఉత్త నీళ్లు, ఉత్త కాగితం.

నవంబరులో పక్క తలుపు తాళం చెవి ఆయన చేతికిచ్చింది. దేశం కాని దేశంలో, భాష రాని మనిషికి, చర్చి తాళం. ఆ రోజు ఇంటికొచ్చాక జయసాగర్ రెండు కప్పుల టీ తాగాడు. జెరుషా నవ్వింది.

"ఏంటి డాడీ, మళ్లీ ఉద్యోగంలో చేరినట్టున్నారే."

"చేరినట్టే. టీఏ డీఏ లేవంతే."

మొదటి మూడు వరుసల అచ్చు బాగా వచ్చింది. నాలుగో వరుస నేలకు దగ్గర. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యాలి. మెత్తటి కాగితం కావాలి. జెరుషా తెప్పిస్తానంది. కాగితం వచ్చేలోపు ఆమెకు జ్వరం వచ్చింది.

డిసెంబరు మొదటి వారం. మూడో రోజుకు ఆయాసం. అంబులెన్సులో ఇద్దరు మనుషులు, వ్యోమగాముల్లా ఒళ్లంతా కప్పుకుని వచ్చి తీసుకుపోయారు. ఈయనకు క్వారంటైన్. గుమ్మం దాటకూడదు. ఆసుపత్రికి ఫోను చేస్తే జర్మన్‌లో ఏదో చెబుతారు. ఈయన "జెరుషా, జెరుషా" అంటాడు. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

ఆ రోజుల్లో ఆదుకున్నవాడు ఆల్విన్. భీమవరం దగ్గరి వాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆకెన్‌లో తెలుగు ప్రార్థన కూడిక నడిపేది అతనే. జూమ్‌లో ఆరాధన, యూట్యూబ్‌లో చానెల్. గుమ్మం ముందు బియ్యం పెట్టాడు, చారు గిన్నె పెట్టాడు, రోజుకు రెండుసార్లు ఆసుపత్రికి ఫోను చేసి ఆక్సిజన్ ఎంత పెట్టారో కనుక్కుని చెప్పాడు. ఆ మేలు జయసాగర్ ఎన్నటికీ కాదనలేడు. తర్వాత కలిగిన అసహ్యానికి సగం కారణం ఆ మేలే.

క్వారంటైన్ అయిన మర్నాడు ఉదయం ఆల్విన్ కారు తెచ్చాడు.

"పాప అలాగే ఉందంటున్నారంకుల్. పెరగలేదు, తగ్గలేదు. ఒకసారి మీరు చెప్పిన ఆ రాయి దగ్గర ప్రార్థన చేసుకుందామండి. మనసు బరువు దిగుద్ది."

వెళ్లారు. తాళం తీసింది జయసాగరే. లోపల చలి. ఆల్విన్ ఫోను నిలబెట్టే కర్ర ఒకటి పెట్టాడు. ప్రార్థన మొదలుపెట్టి, స్వరం పెంచి, తగ్గించి, కన్నీళ్లు పెట్టుకుని, కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు. కరోనాకు ముందు జరిగిన మహాసభల్లో ప్రార్థించి ఇచ్చిన అభిషేక తైలమట.

"ఇది పరిశుద్ధురాలి సమాధి అంకుల్. పదమూడు వందల ఏళ్ల నాటి విశ్వాసం ఇది. ఈ సిలువ మీద మీ చేత్తో పోయండి. తండ్రి చేత్తో పోయాలి."

"పరిశుద్ధురాలు కాదబ్బాయ్, నాలుగేళ్ల పిల్ల."

"మీకు మీ పిల్ల కావాలా వద్దాండి?"

ఆ మాట అనాల్సింది కాదు. అన్నాడు. జయసాగర్ సీసా అందుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరెవరిని తిట్టాడో ఆ ముఖాలేవీ గుర్తు రాలేదు. పైపుల నడుమ బోర్లా పడుకుని ఉన్న జెరుషా మాత్రమే కళ్ల ముందుంది. మోకాళ్ల మీద కూర్చుని, నాలుగో వరుస నడుమ సిలువ మీద వంచాడు. ఇసుకరాయి గటగటా తాగింది. సిలువ నల్లబడింది, అటూ ఇటూ అక్షరాల ఆనవాళ్లు నల్లబడ్డాయి. కారిన బొట్లను ఆల్విన్ దూదితో తుడిచి, ఆ దూది ప్లాస్టిక్ కవరులో వేసుకున్నాడు. ఆ దూది ఎందుకో ఆ క్షణాన ఈయన అడగలేదు.

మూడు రోజులకు ఆక్సిజన్ తగ్గించారు. క్రిస్మస్ ముందు జెరుషా ఇంటికొచ్చింది. మెట్లెక్కలేక ప్రతి అంతస్తులోనూ కూర్చుంది.

సంతోషించాల్సిన ఆ వారంలోనే ఆల్విన్ వీడియో పెట్టాడు. "పదమూడు వందల ఏళ్ల సమాధి రాయి, అభిషేక తైలం, మరణపు అంచు నుంచి లేచిన యువతి." అందులో జయసాగర్ ముఖం లేదు. సీసా వంచుతున్న ఒక చెయ్యి ఉంది, పైన ఆల్విన్ గొంతు ఉంది. వేలమంది చూశారు. కింద వరసగా ఆమెన్లు. వాటి మధ్య ఒకరు, "బ్రదర్, ఆ తైలపు దూది పంపగలరా, మా అత్తగారికి సీరియస్." ఆల్విన్ పంపాడు. పాడర్‌బోర్న్‌కు రెండు, హైడెల్‌బర్గ్‌కు మూడు, చిన్న చిన్న జిప్ కవర్లలో. జయసాగర్ ఫోను బోర్లించి వాష్‌బేసిన్ దగ్గరికి పోయాడు. సబ్బుతో చేతులు కడిగాడు. నాలుగేళ్ల పిల్ల సమాధి మురికిని దూదికి అద్ది మనుషుల నుదుళ్లకు రాస్తున్నారు. ఆ మురికి కలిపింది తను.

"అంకుల్, ఈ ఆదివారం మీ సాక్ష్యం. పది నిమిషాలు చాలు," అని ఆల్విన్ ఫోను. మేలు పొందినవాళ్లు కూడికలో లేచి సాక్ష్యం చెప్పడం వాళ్ల రివాజు.

"గొంతు బాలేదబ్బాయ్."

మరుసటి ఆదివారం కూడా గొంతు బాగుపడలేదు.

జనవరి మధ్యలో మెత్తటి కాగితం తీసుకుని ఒక్కడే బస్సులో పోయాడు. ఎలా ఉందో చూడకముందే ముక్కుకు తెలిసింది. ముక్కిన నూనె వాసన, అందులో ఏదో అత్తరు. రాతి మీద అరచేయి వెడల్పున నల్లమచ్చ, దానికి అంటుకున్న బూజు, రెక్కలతో సహా ఒక ఈగ. అలవాటు కొద్దీ నీళ్లు చల్లాడు. పై వరుసలు నీళ్లు పీల్చాయి. నాలుగో వరుస మీద నీళ్లు పూసల్లా నిలిచి జారిపోయాయి. కాగితం పరిచాడు. జారింది. మళ్లీ పరిచి చేత్తో అదిమాడు. చెయ్యి తీయగానే ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడి నేల మీద పడింది. మూడోసారి పరచలేదు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పల్నాటి వాళ్లు తెలియక పోశారు, పైగా అది వాళ్ల దేవుడి రాయి. నాకేం రోగమొచ్చింది అనుకున్నాడు. లేచి బయటికి పోయి చల్లగాలి పీల్చాడు.

నాలుగు రోజులకు ఫ్రౌ నీసెన్ మచ్చ చూసింది. జెరుషాకు ఫోను చేస్తే, అప్పటికి ఆమెకు మాట్లాడితే దగ్గు, ఆల్విన్ నంబరిచ్చింది. అట్లా ఆవిడ, ఆల్విన్, ఈయన చర్చిలో కలిశారు. కారులో వచ్చేటప్పుడే ఆల్విన్ పాఠం చెప్పాడు.

"ఏం కంగారొద్దంకుల్. చెమ్మ అని చెప్దాం. పాత గోడ కదండీ. మీరు మాట్లాడకండి, నేను చూసుకుంటాను."

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. నూనె పోసింది నేను."

ఆల్విన్ కారు ఆపి దిగాడు.

చర్చిలో ఫ్రౌ నీసెన్ రాయి ముందు నిలబడి ఏదో అడిగింది. గొంతులో కోపం లేదు. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే అడిగే గొంతు. జయసాగర్ తెలుగులో చెప్పాడు. "ఈ మచ్చ నా వల్ల అయింది. డిసెంబరులో నేనే నూనె పోశాను. ఇతను పొయ్యమన్నాడు, నిజమే. చెయ్యి నాది." ఆల్విన్ చాలాసేపు జర్మన్‌లో మాట్లాడాడు. ఆవిడ తలాడించి పైకప్పు వైపు చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి పోయి గోడను అరచేత్తో తడిమింది. తిరిగొచ్చి ఈయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి, కరోనా గుర్తొచ్చి ఆగి, సానుభూతిగా నవ్వింది.

ఆ నవ్వు చూడగానే జయసాగర్ ఆల్విన్ వైపు తిరిగాడు.

"ఆవిడ కప్పు వైపెందుకు చూసింది?"

"మామూలుగానే అంకుల్."

"నువ్వు నూనె అని చెప్పలేదు."

"అంకుల్, ఇది వాళ్ల చారిత్రక వస్తువండి. కేసవుద్ది. మీరు పొడిగించిన వీసా మీదున్నారు. జెరుషా ఉద్యోగం బ్లూకార్డు వీసా మీదుంది. మీకు ఎవరి మీద కోపం?"

"కోపం కాదబ్బాయ్, రోత. నీ మీద కొంత, నా మీద మిగతాది."

సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. పై వరుస మీద చల్లాడు, రాయి పీల్చింది. నాలుగో వరుస మీద చల్లాడు, నీళ్లు పూసలై జారాయి. ఫ్రౌ నీసెన్ వంగి చూసింది. ఆయన కుడిచేయి గుప్పిట పట్టి, సీసా వంచినట్టు వంచి చూపించాడు. జెరుషా వంటింట్లో నూనె సీసా మీద రోజూ చూసే మాట ఒకటి ఆయనకు తెలుసు.

"ఓల్," అన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, తెలిసిన రెండో మాట కలిపాడు. "ఇఖ్. ఓల్. ఇఖ్."

నూనె. నేను.

ఆవిడ ముఖంలోంచి నవ్వు ఒక్కసారిగా పోలేదు. మూతి దగ్గర కాసేపు నిలిచి, అక్కడే గడ్డకట్టింది. ఆల్విన్ వైపు తిరిగి ఒక చిన్న ప్రశ్న వేసింది. ఆల్విన్ బూట్ల వైపు చూస్తూ అవునన్నాడు. ఆవిడ రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ వయసులో ఆ చలి నేల మీద. వేలితో నాలుగో వరుసను ముట్టి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుంది. జేబురుమాలు తీసి ఆ వేలు తుడుచుకుంది, మళ్లీ మళ్లీ. జయసాగర్‌కు బాగా తెలిసిన పని అది. ఎన్నో ఊళ్లలో, ఎన్నో గుమ్మాల ముందు తనూ అట్లాగే వేళ్లు తుడుచుకున్నాడు, ఎదురుగా నిలబడ్డ మనుషులు చూస్తుండగానే. వాళ్లకు ఎట్లా ఉండేదో ఇన్నాళ్లకు తెలిసింది.

లేచి చెయ్యి చాపింది. ఆయన తాళం చెవి పెట్టాడు. ఇంకేదో అడిగింది. ఆల్విన్ ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఏ నూనె, ఎంత, ఎప్పుడు, ఇవన్నీ రాసిమ్మంటుందండి. బాగుచేసేవాళ్లకి కావాలంట. అక్షరాలు తిరిగొస్తాయని మాత్రం చెప్పలేనంటుంది."

తిరుగు ప్రయాణంలో జయసాగర్ వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఆదివారం సాక్ష్యం మాటేంటండి?" ఆల్విన్ అద్దంలోకి చూస్తూ అడిగాడు. అడగకుండా ఉండలేడు మరి.

"చెప్తాను. గొంతు బాగుంది. ఇవాళ ఇక్కడ జరిగింది చెప్తాను."

ఆదివారం జూమ్ లింకు రాలేదు. పదకొండయింది, పదకొండున్నరయింది. జెరుషా దుప్పటి కప్పుకుని సోఫాలో కూర్చుంది.

"ఏంటి, ఇవాళ మీటింగ్ లేదా? ఆల్విన్ మర్చిపోయాడా?"

అప్పుడు చెప్పాడు. మొదటి నుంచి, వరసగా, ఏదీ దాచకుండా. దూది సంగతి కూడా. జెరుషా మధ్యలో ఒక్కసారే ఆపింది.

"నా పేరు చెప్పి పోశారా?"

"నీ పేరు చెప్పే పోశాను."

"డాడీ, నన్ను రాత్రంతా బోర్లా తిప్పి పడుకోబెట్టింది ఒక నర్సు. మాస్కు వల్ల ఆవిడ ముక్కు మీద పుండు పడింది. నేను బతికింది ఆవిడ చేతుల్లో. దీనికి నూనె అంటారా? ఆ మురికి పట్టుకుపోయి ఎవరి అత్తగారికో రాస్తారా?" ఆమె దుప్పటి విదిలించింది. "ఛీ."

ఆ ఛీ ఎవరికని ఆయన అడగలేదు. అంతలో ఆమెకు దగ్గు అందుకుంది. వేడినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగింది గాని ఆయన వైపు చూడలేదు. గ్లాసు పక్కన పెట్టి లాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది.

"చెప్పండి. ఏ నూనె?"

"ఆలివ్ అనుకుంటా. అత్తరు కలిసింది. సీసా మీద ఏమీ రాయలేదు."

"ఎంత?"

"నాలుగు చెంచాలు. ఐదుండొచ్చు. ఐదని రాయి."

"తేదీ?"

చెప్పాడు. ఆమె వేళ్లు టకటకా కొట్టాయి, ఆగాయి.

"ఎందుకు పోశారో రాయాలా? ఆవిడ అడగలేదుగా."

"రాయి."

"ఏమని? ప్రార్థనలో భాగంగా అని రాయనా? అట్లా అంటే వాళ్లకు కొంచెం అర్థమవుద్ది."

"ప్రార్థన అని రాయకు," అన్నాడు జయసాగర్. "భయపడి పోశానని రాయి. అట్లా పొయ్యకూడదని తెలిసిన మనిషేనని కూడా రాయి. ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని అది."

"అది రాస్తే మీ తప్పే పెద్దదవుద్ది."

"అవనీ."

జెరుషా ఆయన వైపు చూసింది. తర్వాత తల దించుకుని, జర్మన్‌లో ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, ఆ రెండు వాక్యాలూ రాసింది.